బ్రైన్ ట్యాంకు దగ్గర కొత్తగా నిలబడ్డ మేనల్లుడికి

అల్లుడూ,

నర్సాపురంలో ఐసు ఫ్యాక్టరీలో ఆపరేటరుగా చేరావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. కంప్రెసర్ సంగతి అక్కడివాళ్ళే నేర్పుతారు. అమోనియా లీకయితే నీ ముక్కే చెబుతుంది. ఎవరూ కూర్చోబెట్టి చెప్పనిది ట్యాంకులో తిరిగే ఉప్పునీళ్ళ గురించి, అదే బ్రైన్ గురించి. ముప్ఫై ఏళ్ళు వాటి పక్కనే గడిపాను కాబట్టి రాస్తున్నాను.

మన ట్యాంకులో చల్లదనం అమోనియాది. ఉప్పు పనల్లా ఆ నీళ్ళు గడ్డకట్టకుండా ఆపడమే. క్యాన్లలో మంచినీళ్ళు సున్నా దగ్గర ఐసవుతాయి, చుట్టూ ఉన్న బ్రైన్ మైనస్ పదిలో కూడా పారుతూ ఉండాలి. ఇంటర్‌లో కణాధార ధర్మాలని బట్టీ పట్టే ఉంటావు. 1880ల్లో రౌల్ట్ అనే ఫ్రెంచి ఆయన కొలిచి చెప్పిందీ అదే: ఏం కలిపావన్న దానికంటే ఎన్ని కణాలు కలిశాయన్నదే లెక్క. కిలో నీళ్ళలో 342 గ్రాముల పంచదార వేస్తే గడ్డకట్టే చోటు రెండు డిగ్రీలు దిగుతుంది. లెక్కకి అన్నే కణాలున్న 58 గ్రాముల ఉప్పు వేస్తే దాదాపు మూడున్నర దిగుతుంది. ఉప్పు కణం నీళ్ళలో కరిగితే రెండు ముక్కలవుతుంది, పంచదార కణం అవదు, అంతే తేడా. (కలిసిన కణాలే మరిగే చోటును పైకి నెడతాయి. మీ అత్తయ్య అరిసెల పాకం చెయ్యి మీద చిందితే వేడినీళ్ళకంటే పెద్ద బొబ్బ లేచేది కొంత అందుకే, కొంత అది అంటుకుపోవడం వల్ల.)

ఇక్కడే నేను దెబ్బతిన్నాను. చేరిన మొదటి వర్షాకాలం, ట్యాంకు చెక్కమూతలు సరిగా లేవు. వాన కారింది, క్యాన్లు దించేటప్పుడు తొణికిన నీళ్ళూ కలిసి బ్రైన్ పలచబడింది. బ్రైన్ మైనస్ పది చూపిస్తోంది, పారుతోంది, బాగానే ఉందనుకున్నాను. నాలుగు రోజులకి దిమ్మలు మధ్యలో గుల్లగా రావడం మొదలైంది. రొయ్యల పట్టుబడికి తెల్లవారుజామున లారీ వేసుకొచ్చిన రైతు నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తున్నాయి. నేనేమో కంప్రెసర్ తప్పనుకుని దాన్ని ఇంకా బాదాను. పాత ఆపరేటరు వచ్చి చూస్తే కాయిల్ మీద, అంటే అమోనియా పారే గొట్టాల మీద, చుట్టూ ఐసు పొర! ఐసు దుప్పటి కప్పుకున్న కాయిల్ వేడిని ఎక్కణ్ణించి లాగుతుంది?

ఆయన చెప్పింది నువ్వూ గుర్తుపెట్టుకో. ట్యాంకు చల్లదనం చూసి మోసపోకు, కాయిల్ చల్లదనం చూడు. ట్యాంకు మైనస్ పదిలో ఉంటే కాయిల్ ఒళ్ళు మైనస్ పదిహేను దాకా ఉంటుంది. నూటికి 15 పాళ్ళ ఉప్పున్న బ్రైన్ మైనస్ 11 దగ్గరే గడ్డకడుతుంది. 20 పాళ్ళుంటే మైనస్ పదహారున్నర దాకా తట్టుకుంటుంది. చిక్కదనం కొలిచే హైడ్రోమీటరు అందులో 1.15 దగ్గర తేలుతుంది. ట్యాంకులోంచి తీసిన చల్లటి బ్రైన్‌లో వెంటనే ముంచకు, కాస్త చిక్కగా చూపిస్తుంది. గ్లాసు జాడీలో పోసి, నులివెచ్చబడి పదిహేను డిగ్రీలకి వచ్చాక చూడు. రోజూ ఒకే వేళకి చూడు, పుస్తకంలో రాయి.

అలాగని బస్తాల కొద్దీ కుమ్మరించకు. ఉప్పు పెరిగేకొద్దీ గడ్డకట్టే చోటు దిగే గుణం నూటికి 23 పాళ్ళ వరకే, మైనస్ 21 దాకా. అది దాటితే కథ తిరగబడుతుంది, ఉప్పే స్ఫటికాలుగా విడిపోయి అడుగున మేటవేస్తుంది. నీళ్ళు చిక్కబడి పంపు మూలుగుతుంది కూడా. కలపాల్సి వస్తే కల్లుప్పును విడిగా డ్రమ్ములో కరిగించి, మట్టి తేరాక వడకట్టి పొయ్యి. తిన్నగా ట్యాంకులో వేస్తే మూలల్లో పడి ఉంటుంది, నీ హైడ్రోమీటరు అబద్ధం చెబుతుంది.

ఇంకోటి. సముద్రం దగ్గర కాబట్టి మీ బోరు నీళ్ళు ఉప్పదనం తగిలేవే. ఐసు ఉప్పునీ, నీళ్ళలో కరిగిన గాలినీ తనలో కలుపుకోదు, కట్టేకొద్దీ లోపలికి నెట్టేస్తుంది. అందుకే దిమ్మ పక్కలు అద్దంలా ఉండి, నడిమధ్య తెల్లగా ఉంటుంది. ఆఖర్న గడ్డకట్టేది అదే, నాలిక పెట్టి చూడు, ఉప్పు తెలుస్తుంది. గాలి పైపు మధ్యలో ఆడుతూ ఉండాలి. దిమ్మ ముప్పావు కట్టాక ఆ మధ్య నీళ్ళు లాగేసి మంచినీళ్ళు నింపితే ఐసు తేటగా వస్తుంది. ఓపిక లేనివాళ్ళు దీన్ని మానేస్తారు. నువ్వు మానకు.

రొయ్యల పెట్టెల్లో ఐసుకి ఉప్పు చల్లితే ఇంకా చల్లగా ఉంటుందా అని ఎవరైనా అడిగితే వద్దను. మాట నిజమే, చల్లబడుతుంది. కానీ రొయ్య కండ మైనస్ రెండు దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుంది, తర్వాత కరిగితే మెత్తబడి నీరు కారుతుంది. వట్టి ఐసు సున్నా దగ్గర కరుగుతూ కాపాడుతుంది, అది చాలు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ రీడింగుల పుస్తకం పట్టుకురా, చూస్తాను.

మీ మావయ్య