నైట్ పెట్రోలింగ్ డ్యూటీకి ఏ రీఛార్జబుల్ టార్చ్ తీసుకోవాలి?

మీరు అడిగినవి మూడు. రాత్రంతా పెట్రోలింగ్‌లో ఉండేవాళ్లకి బెల్టు టార్చ్ ఎన్ని లూమెన్లది కావాలి, 18650 సెల్ ఉన్నది మంచిదా 21700 ఉన్నదా (ఈ అంకెలు సెల్ సైజులు), ఆన్‌లైన్‌లో కనిపించే "10,000 లూమెన్ల" చిన్న టార్చ్‌లు పనికొస్తాయా అని. మూడోదానికి జవాబు ఒక్క మాట: పనికిరావు. ఎందుకో కింద లెక్క వేసి చూపిస్తాను. అంతకంటే ముందు మీరు అడగని సంగతి ఒకటుంది. డ్యూటీ టార్చ్ చేతికిస్తే నేను మొట్టమొదట చూసేది దాని స్విచ్.

చీకట్లో, గ్లౌజు వేసుకున్న చేత్తో, కంగారులో బొటనవేలు మొదటిసారి నొక్కినప్పుడు ఏ వెలుగు వస్తుంది? ఫుల్ వెలుగే రావాలి. చాలా టార్చ్‌లు చివరిసారి ఏ మోడ్‌లో ఆపామో గుర్తుపెట్టుకుని మళ్లీ దాంట్లోనే వెలుగుతాయి. లైసెన్సు చూడటానికి లో మోడ్‌లో, అంటే తక్కువ వెలుగులో, పెట్టి ఆపేశారనుకోండి, పది నిమిషాల తర్వాత సందు మలుపులో నొక్కితే అదే మిణుకు వెలుగు. ఇంట్లో వాడే టార్చ్‌కి ఆ మెమరీ సౌకర్యమే, డ్యూటీ టార్చ్‌కి మాత్రం లోపం.

క్లిక్ స్విచ్‌లలో రెండు రకాలున్నాయి. ఫార్వర్డ్ క్లిక్ అయితే బటన్ సగం నొక్కగానే వెలుగుతుంది, వేలు తీస్తే ఆరిపోతుంది, పూర్తిగా నొక్కి టక్కుమనిపిస్తే వెలుగు నిలబడుతుంది. రివర్స్ క్లిక్ అయితే పూర్తిగా నొక్కి వేలు వదిలాకే వెలుగుతుంది. మీకు కావాల్సింది మొదటిది, అదీ టార్చ్ వెనక చివర ఉండాలి. లో, మీడియం మోడ్‌లకి పక్కన ఇంకో బటన్ ఉంటే సరిపోతుంది. ఒకే బటన్‌తో హై, స్ట్రోబ్ (గబగబా మెరిసి ఆరే వెలుగు), లో వరసగా తిరిగే టార్చ్ అయితే ఆ వరస మార్చుకునే వీలుందో లేదో చూడండి. ఉదాహరణకి స్ట్రీమ్‌లైట్ వాళ్ల టెన్‌ట్యాప్ ఉన్న మోడళ్లలో బటన్‌ని తొమ్మిదిసార్లు గబగబా నొక్కి పదోసారి నొక్కి పట్టుకుంటే ప్రోగ్రామ్ మారుతుంది, హై ఒక్కటే ఉండేలా పెట్టుకోవచ్చు. స్ట్రోబ్ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెప్తాను: ఉంటే దానికి వేరే బటన్ ఉండాలి, లేకపోయినా నష్టం లేదు. తెల్లగోడల గదిలో స్ట్రోబ్ కొడితే ఎదుటివాడితో పాటు కొట్టినవాడి కళ్లూ బైర్లు కమ్ముతాయి. మెరిసే వెలుగుకి మూర్ఛ వచ్చే జబ్బు ఉన్నవాళ్లకి అది నిజంగానే ప్రమాదం.

ఇక వెలుగు సంగతి. టార్చ్ అన్ని వైపులకీ కలిపి వదిలే మొత్తం వెలుగు లూమెన్లు. మధ్య పుంజం ఎంత చిక్కగా ఉందో చెప్పేది క్యాండెలా. దూరం వెళ్లేది, అద్దం దాటేది రెండోదాని వల్లే. అందుకే 1,000 లూమెన్ల టార్చ్‌లు రెండు పక్కపక్కన పెడితే ఒకటి 120 మీటర్ల దగ్గర చతికిలబడుతుంది, ఇంకోటి 400 మీటర్లు పోతుంది. టార్చ్‌ల కొలతలకి అమెరికాలో పెట్టిన ఎఎన్‌ఎస్‌ఐ ఎఫ్‌ఎల్‌ 1 ప్రమాణం ప్రకారం బాక్సు మీద రాసే బీమ్ దూరం అంటే వెలుగు 0.25 లక్స్‌కి, ఇంచుమించు పున్నమి వెన్నెలంతకి, పడిపోయే చోటు. క్యాండెలా వర్గమూలాన్ని రెండింతలు చేస్తే ఆ దూరం మీటర్లలో వస్తుంది: 10,000 క్యాండెలాకి 200 మీటర్లు, 40,000కి 400 మీటర్లు. వెన్నెల్లో మనిషి ముఖం ఎంత ఆనవాలు దొరుకుతుందో మీకు తెలుసు. అందుకని ఆ అంకెలో పావు వంతునే పని జరిగే దూరంగా లెక్కేసుకోండి. 400 మీటర్ల టార్చ్ 100 మీటర్ల దగ్గర 4 లక్స్ ఇస్తుంది, అక్కడ చేతిలో ఏముందో కాస్త పోల్చుకోవచ్చు.

పెట్రోలింగ్‌కి నేను చెప్పే కొలత ఇది: హైలో 1,000 లూమెన్లకి అటూ ఇటూ, 15,000 నుంచి 40,000 క్యాండెలా, మీడియంలో 200 నుంచి 400 లూమెన్లు, లోలో 10 నుంచి 30. క్యాండెలా 5,000 దగ్గరే ఆగితే నల్ల ఫిల్ము వేసిన కారు అద్దం లోపల ఏమీ కనిపించదు, ఎదురుగా హెడ్‌లైట్లు ఉంటే వాటి వెనక నిలబడ్డ మనిషి కూడా కనిపించడు. అలాగని లక్ష దాటిన సన్నటి పుంజం ఉన్నదీ వద్దు. దాని చుట్టూ పరుచుకునే వెలుగు పలచగా ఉంటుంది. దూరంలో చెట్టు కొమ్మ కనిపిస్తుంది గానీ కాలి ముందు మెట్టు కనిపించదు. అన్నట్టు, ఫిల్ము అద్దం మీదికి టార్చ్ నిలువుగా కొట్టకండి, వెలుగు తిరిగి మీ కళ్లలోనే పడుతుంది. టార్చ్ తల దాదాపు అద్దానికి ఆనించి ఏటవాలుగా కొట్టండి. పొగమంచులో, దుమ్ములో, జోరువానలో టార్చ్‌ని చూపుకి దూరంగా, నడుం ఎత్తున పట్టుకుంటే ఎదురుగా లేచే తెల్లటి తెర కొంత తగ్గుతుంది.

రంగు గురించి ఎవరూ అడగరు, అడగాలి. 6,500 కెల్విన్ నీలితెలుపు ఎల్‌ఈడీ, రంగుల సూచిక (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో వందకి చెప్పే సీఆర్ఐ అంకె) 70 ఉన్నది కంటికి బాగా వెలుగున్నట్టే ఉంటుంది గానీ ముదురు నీలం చొక్కాకీ నల్ల చొక్కాకీ, ఎండిన రక్తానికీ ఆయిల్ మరకకీ తేడా సరిగ్గా చూపించదు. సూచిక 90 ఉన్న 5,000 కెల్విన్ ఎల్‌ఈడీ అయితే అదే కరెంటుకి వెలుగు కొంత తగ్గుతుంది, రంగులు మాత్రం నిజంగా ఉన్నట్టు కనిపిస్తాయి. వాహనం రంగు, బట్టల రంగు రిపోర్టులో రాసే పని ఉన్నవాళ్లు ఆ కొంత వెలుగు వదులుకోవడమే మేలు. పసుపు సోడియం దీపాలున్న వీధుల్లో అయితే మరీను.

ఇప్పుడు ఆ 10,000 లూమెన్ల లెక్క. మంచి ఎల్‌ఈడీ, దాని సర్క్యూట్ కలిపి హైలో ఒక వాట్‌కి సుమారు 100 లూమెన్లు ఇస్తాయనుకుందాం. 10,000 లూమెన్లకి 100 వాట్లు కావాలి. 3.6 వోల్టుల ఒక్క సెల్ నుంచి లాగాలంటే 28 ఆంపియర్లు. ఆ వేడిని అరచేతిలో పట్టే అల్యూమినియం గొట్టం నిమిషం కూడా మోయలేదు. కాబట్టి ఆ అంకె శుద్ధ అబద్ధమైనా అయ్యుండాలి, కొన్ని సెకన్లు మెరిసి తగ్గిపోయేదైనా అయ్యుండాలి.

ఇదే లెక్కతో రన్‌టైమ్ కూడా పట్టుకోవచ్చు. 5,000 ఎంఏహెచ్ 21700 సెల్‌లో 18 వాట్ అవర్లుంటాయి, అంటే 1,800 లూమెన్ గంటలు. 300 లూమెన్లయితే ఆరు గంటలు, 1,000 అయితే గంటా ముప్పావు. 3,500 ఎంఏహెచ్ 18650లో 12.6 వాట్ అవర్లు, 300 లూమెన్లకి నాలుగు గంటల పైచిలుకు. తక్కువ మోడ్‌లలో ఎల్‌ఈడీ ఇంకాస్త పొదుపుగా పనిచేస్తుంది కాబట్టి అక్కడ దీనికంటే కొంత ఎక్కువే వస్తుంది. బాక్సు మీద "1,500 లూమెన్లు, 4 గంటలు" అని ఉంటే అది 60 వాట్ అవర్ల మాట, ఒక్క సెల్‌లో ఉండదు. మరి పెద్ద కంపెనీలు కూడా అలా ఎలా రాస్తాయంటే, ఎఫ్‌ఎల్‌ 1 లూమెన్లని టార్చ్ వెలిగించిన 30 సెకన్లకి కొలుస్తుంది, రన్‌టైమ్‌ని మాత్రం వెలుగు అందులో పదో వంతుకి పడేదాకా లెక్కేస్తుంది. రెండు మూడు నిమిషాల్లో వేడికి 500కి దిగి, ఆ తర్వాత 200తో ఈడ్చుకొచ్చినా నిబంధన ప్రకారం "4 గంటలే". అందుకే అంకె వదిలేసి రన్‌టైమ్ గ్రాఫ్ వెతకండి. మీడియం గీత గంటల తరబడి బల్లపరుపుగా ఉందా, మొదటి నుంచీ జారుతోందా అన్నది చూడాలి. షిఫ్టు చివరి గంటలో మీ చేతిలో మిగిలే వెలుగు ఆ గీతే చెప్తుంది.

18650, 21700 అంకెలు సెల్ కొలతలే: మొదటిది 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 పొడవు; రెండోది 21 వ్యాసం, 70 పొడవు. చేతిలో రెండింటి తేడా పెద్దగా తెలియదు, వెలిగే కాలం మాత్రం దాదాపు సగం పెరుగుతుంది. మెయిన్ టార్చ్‌కి నేను 21700 అంటాను. కానీ ఏ సైజైనా సెల్ బయటికి తీసి మార్చుకునేదై ఉండాలి, లోపల సీలు చేసిందయితే వద్దు. లిథియం అయాన్ సెల్ 300 నుంచి 500 ఛార్జింగ్‌ల తర్వాత అసలు సామర్థ్యంలో 80 శాతానికి దిగుతుంది. రోజూ రాత్రి వాడే మనిషికి అది ఏడాది, ఏడాదిన్నర. సీలు టార్చ్ అయితే అప్పుడు టార్చే మార్చాలి. కంపెనీ సొంత సెల్, రెండు ధ్రువాలూ ఒకే చివర ఉండేది, ఉంటే బయట దొరికే మామూలు సెల్ కూడా దాంట్లో పనిచేస్తుందా అని కొనేముందే కనుక్కోండి.

విడి సెల్ కొనేటప్పుడు "9,900 ఎంఏహెచ్" అని ముద్రించిన 18650ని ముట్టుకోకండి. అసలైనది 3,500 దగ్గర ఉంటుంది, 45 గ్రాములకి తగ్గకుండా తూగుతుంది. 30 గ్రాములే తూగిందంటే లోపల సగం ఖాళీ. ప్రొటెక్షన్ సర్క్యూట్ ఉన్న 18650 పొడవు 68 నుంచి 70 మిల్లీమీటర్ల దాకా పోతుంది, అది కొన్ని టార్చ్‌లలో పట్టదు. బలవంతంగా మూత బిగిస్తే సెల్ తల నొక్కుకుపోతుంది. అలా సొట్టపడిన సెల్, పైతొడుగు చిరిగిన సెల్, 2.5 వోల్టుల కిందికి పడిపోయిన సెల్ మళ్లీ ఛార్జింగ్‌కి పెట్టొద్దు. ధ్రువాలకి టేపు అంటించి ఈ-వేస్ట్‌లో వేయండి.

ఛార్జింగ్‌లో తరచూ పీకల మీదికి తెచ్చేది యూఎస్‌బీ-సీ పోర్టు. కొన్ని చవక టార్చ్‌లలో ఆ పోర్టు వెనక ఉండాల్సిన 5.1 కిలోఓమ్‌ల చిన్న రెసిస్టర్లు పెట్టరు. రెండు వైపులా సీ ఉన్న కేబుల్‌తో, ఫోన్ ఫాస్ట్ ఛార్జర్‌తో పెడితే అసలు ఛార్జింగే ఎక్కదు, పాత వెడల్పాటి యూఎస్‌బీ-ఏ పోర్టున్న అడాప్టర్‌తో పెడితేనే ఎక్కుతుంది. టార్చ్ రాగానే రెండు రకాల కేబుళ్లతోనూ పెట్టి చూడండి. పోర్టు మీది రబ్బరు మూత తెగితే ఐపీఎక్స్‌8, అంటే నీళ్లలో మునిగినా లోపలికి నీళ్లు పోవన్న మాట కూడా దాంతోనే పోతుంది. ఆ మూత మందంగా, లోపలికి దిగి కూర్చునేలా ఉండాలి. రోజంతా పెట్రోలింగ్ కారులో ఛార్జర్ స్టాండులో ఉంచే అలవాటుంటే ఒక సంగతి: ఫుల్ ఛార్జ్ మీద ఉన్న సెల్‌కి ఎండలో కాగిన కారంత చెడ్డ చోటు ఇంకోటి లేదు. దానికి తోడు చాలా కార్లలో ఇంజిన్ తాళం తీయగానే 12 వోల్టుల సాకెట్ కూడా ఆగిపోతుంది, రాత్రికి టార్చ్ సగం ఛార్జ్‌తోనే చేతికొస్తుంది. ఎప్పుడూ స్టాండులోనే ఉండే టార్చ్ అయితే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ ఉన్నది నయం, బరువుకి తగ్గ కాలం రాదు గానీ చాలా ఏళ్లు ఓర్చుకుంటుంది. గడ్డకట్టే చలి ఉన్న చోట సున్నా డిగ్రీల కింద లిథియం అయాన్ సెల్‌ని ఛార్జ్ చేయకూడదు, వాడుకోవచ్చు.

బరువు గురించి రెండు మాటలు. పొడవాటి మెటల్ టార్చ్ లాఠీలా కూడా పనికొస్తుందన్న మాట ఇంకా వినిపిస్తుంది. లాస్ ఏంజిలిస్ పోలీసులు అలాంటి టార్చ్‌తో మనిషిని కొట్టిన వివాదాల తర్వాతే 2007లో పెద్దవాటిని పక్కనపెట్టి పెలికన్ 7060 అనే చిన్న ఎల్‌ఈడీ టార్చ్‌కి మారారు. దానికి వెనక ఒక స్విచ్, ఒంటి మీద ఒక స్విచ్. సెల్‌తో కలిపి 150 నుంచి 250 గ్రాములు చాలు, అంతకు మించితే బెల్టు మీద రాత్రంతా మోసేది మీ నడుమే. టార్చ్ తల అంచు చదునుగా కాకుండా కాస్త గాట్లున్నది తీసుకోండి, బల్ల మీద బోర్లా పెట్టినప్పుడు వెలుగుతూనే ఉందని గాట్లలోంచి కనిపిస్తుంది. చదును అంచున్నది తెలియకుండా వెలుగుతూ కాగిపోతుంది. పౌచ్‌లో అలా వెలిగితే నైలాన్ కరుగుతుంది. షిఫ్టు అయ్యాక వెనక మూత పావు చుట్టు వదులు చేసి పెట్టండి, మరలకి అనోడైజింగ్ పూత (కరెంటు పారనివ్వని పూత) ఉన్న టార్చ్‌లలో దాంతో కరెంటు తెగిపోతుంది.

వాడుతుంటే వెలుగు మిణుకుమిణుకుమంటే వెంటనే పారేయకండి. వెనక మూత విప్పి లోపలికి చూడండి: స్ప్రింగు చుట్టూ ఇత్తడి రింగు, దాని మీద ఎదురెదురుగా రెండు చిన్న గుంటలుంటాయి. దెబ్బలకి ఆ రింగే వదులవుతుంది. సన్నమూతి పటకారు రెండు కొనలూ ఆ గుంటల్లో పెట్టి కుడివైపు బిగిస్తే చాలాసార్లు అక్కడితో బాగవుతుంది. కాకపోతే మరలు, స్ప్రింగు కొన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. అప్పటికీ బాగుకాకపోతే, వెనక మూత లేకుండానే సెల్ అడుగు నుంచి టార్చ్ గొట్టం బోసి అంచుకి చిన్న తీగ ముక్క ఆనించండి. నిలకడగా వెలిగితే తప్పు స్విచ్‌ది, లేకపోతే తలవైపుది. ఎలక్ట్రానిక్ స్విచ్ ఉన్నవాటికి ఈ పరీక్ష వర్తించదు. ఓ-రింగ్‌కి, అంటే నీళ్లు పోకుండా మరల దగ్గర ఉండే రబ్బరు రింగుకి, పలచగా సిలికాన్ గ్రీజు రాయండి, ఆ రింగే సిలికాన్‌దయితే మాత్రం రాయకండి, ఉబ్బుతుంది.

చివరిగా రెండో టార్చ్. మెయిన్ టార్చ్ ఎంత మంచిదైనా చొక్కా జేబులో చిన్నది ఇంకోటి ఉండాలి, అదీ వేరే రకం సెల్‌తో నడిచేది. ఒకసారి వాడి పారేసే సీఆర్‌123ఏ గానీ లిథియం ఏఏ గానీ వేసుకునేది మంచిది, నెలల తరబడి ముట్టుకోకపోయినా ఛార్జ్ పోదు. ఆల్కలైన్ ఏఏ వేసి మర్చిపోతే కారి లోపలంతా తినేస్తుంది. ఒకటి గుర్తుంచుకోండి: సీఆర్‌123ఏ 3 వోల్టులది, చూడటానికి అచ్చం అలాగే ఉండే రీఛార్జబుల్ 16340 ఫుల్ ఛార్జ్‌లో 4.2 వోల్టులిస్తుంది. టార్చ్ మాన్యువల్‌లో వేయొచ్చని రాసి ఉంటే తప్ప దాన్ని వేయకండి. రెండు సెల్‌లు పట్టే టార్చ్ అయితే ఒకటి కొత్తది, ఒకటి వాడినది కలిపి అసలు వేయొద్దు.