బుజ్జీ, ఆ స్పీకర్ కొనేముందు ఒక్కసారి ఇది చదువు

బుజ్జీ, నువ్వు పంపిన మూడు బ్లూటూత్ స్పీకర్ల ఫోటోలూ చూశానమ్మా. నిన్న రాత్రే ఫోన్ చేద్దామనుకున్నా గానీ ఫోన్లో చెప్తే నువ్వు ఊఁ ఊఁ అంటావు తప్ప ఒక్క ముక్క బుర్రకెక్కించుకోవు, అందుకే కూర్చుని టైప్ చేస్తున్నా, తప్పులు పడితే సర్దుకుని చదువుకో.

"మావయ్యా ఏది బాగుంది" అని అడిగావు. చూడ్డానికైతే మూడోదే, ఆ నల్ల తోలు చుట్టి ఇత్తడి రంగు నాబ్ పెట్టింది, గిటార్ వాళ్ళ ఆంప్లిఫయర్‌ని టిఫిన్ డబ్బా అంత చేసినట్టు భలే ఉంది. 13,000. కానీ నువ్వు పెట్టుకునేది ఎక్కడ? మాదాపూర్‌లో పీజీ రూములో, ఇంకో ఇద్దరమ్మాయిల మంచాల మధ్య, ప్లాస్టిక్ స్టూలు మీద. వినేది రాత్రి తొమ్మిది తర్వాత, సగం వాల్యూం దాటితే పక్కమంచం పిల్ల దుప్పటి తీసి చూసిద్ది. ముందు ఇది రాసుకో. ఎక్కడ పెడతావు, ఎవరెవరు వింటారు, ఎంత సౌండులో వింటారు. నేను 30 ఏళ్ళు తెనాల్లో షాపు పెట్టుకుని రేడియోలు టేప్ రికార్డర్లు బాగుచేశా, సీజన్లో పెళ్ళిళ్ళకి మైకు సెట్టు కూడా తిప్పా, పందిరి ఎంత, జనం ఎంతమంది, పక్కన ఆస్పత్రి గట్రా ఉందా అని అడక్కుండా హారన్లు కట్టిన ప్రతిసారీ తిట్లే తిన్నా. అరచేతిలో పట్టే స్పీకరైనా అదే లెక్క.

ఇంకోటి, నువ్వు డిజైన్‌కి ఇన్ని మార్కులు, సౌండ్‌కి ఇన్ని, రేటుకి ఇన్ని అని పట్టిక వేసి పంపావు చూడు, అక్కడే నాకు నవ్వొచ్చింది. స్పీకర్లో డిజైన్ వేరూ సౌండు వేరూ కాదే. డబ్బానే సౌండు. మీ తాతయ్య మర్ఫీ రేడియో నువ్వు పుట్టేసరికే అటకెక్కింది, దాన్లో స్పీకర్ ఏమంత గొప్పది కాదు, కానీ అంత వెడల్పు చెక్క పెట్టెలో ఉండబట్టి విజయవాడ కేంద్రంలో ప్రాంతీయ వార్తలు చదివే ఆయన మన వసారాలో కూర్చుని చదువుతున్నట్టే ఉండేది. ఆ స్పీకర్‌ని ఊడబెరికి బల్లమీద పెట్టి వాయిస్తే కీచుకీచుమనేది, నేను చేసి చూశా, దానికి వీపు కూడా పగిలింది. ఎందుకంటే కోన్, అదే స్పీకర్లో ఊగే గరాటు, ముందుకి తోసే గాలీ వెనక తోసే గాలీ ఒకదాన్నొకటి కొట్టేసుకుని లోతు సౌండు చచ్చిపోద్ది, ఆ రెండిటినీ విడగొట్టేదే డబ్బా. కాబట్టి రంగు, లైట్లు, గుడ్డ నీ ఇష్టం, కానీ డబ్బా ఎంతుంది, ఏ ఆకారంలో ఉంది అనేది ఇష్టం కాదు, అది సౌండు లెక్కలోకే వచ్చిద్ది.

డబ్బా బుల్లిగా ఉండాలి, బేస్ లోతుగా రావాలి, బ్యాటరీ రోజంతా రావాలి అని నువ్వు రాసిన మూడు కోరికల్లో రెండే తీరతాయి, మూడోది ఎవడు ఇస్తానన్నా అబద్ధమే. లెక్క చెప్తా విను, శృతి ఒక స్థాయి, అంటే సా నించి కింది సా దాకా, కిందకి దిగితే అదే సౌండు రావడానికి కోన్ నాలుగింతలు ముందుకీ వెనక్కీ ఊగాలి, నీ గుప్పెడంత డబ్బాలో ఊగడానికి చోటేదీ, ఊపడానికి బ్యాటరీ ఏదీ. జేబీఎల్ వాళ్ళ గో 3 అని సబ్బుబిళ్ళ కంటే కాస్త పెద్దది ఉంది, 209 గ్రాములు, 4.2 వాట్లు, కిందకి 110 హెర్ట్జ్ దాకా అని వాళ్ళే రాసుకున్నారు, హెర్ట్జ్ అంటే సెకనుకి ఎన్ని ఊపులో, అంకె తగ్గేకొద్దీ లోతు సౌండన్నమాట. అదే కంపెనీ ఫ్లిప్ 6 అని నీళ్ళ బాటిల్ లాంటిది, 550 గ్రాములు, 30 వాట్లు, 63 హెర్ట్జ్ దాకా. ఈ తేడా అంతా ఎక్కడిది, డబ్బాది. అయితే గో 3 లో మగవాళ్ళ గొంతు వినపడదా అంటే బాగానే వినపడిద్ది, అదొక తమాషా, కింది శృతి స్పీకర్లో రాకపోయినా దాని పైన వచ్చే అంశల్ని పట్టుకుని మన మెదడే కింది శృతిని పూరించుకుంటది. ఘంటసాల గారి గొంతు చిన్న ట్రాన్సిస్టర్లో కూడా ఘంటసాల గొంతులాగే ఉండేది దానివల్లే. మాట, గొంతు చిన్న డబ్బా లాక్కొచ్చిద్ది, మృదంగం ఎడమ పక్క, తవిల్, డప్పు మాత్రం రావు, ఎవరో అట్టపెట్టె మీద కొట్టినట్టుంటాయి.

ఇప్పుడు నీ ఫోటోలు. మొదటిది, ఆ గులాబీ రంగు గుడ్డ చుట్టిన బంతి, 1,299. ఇలాంటిదే నేనూ ఒకటి కొన్నా, కంపెనీ పేరెందుకులే, 1,800 పెట్టి, మీ అత్త వంటింట్లో పెట్టుకుంటానంటే. ఎనిమిది నెలలకి ఛార్జింగ్ పిన్ను వదులైంది, పాత మైక్రో యూఎస్‌బీ, సర్వీస్ సెంటర్‌కి పోతే పార్ట్ రాదండీ కొత్తది తీసుకోండి అన్నారు. నా చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉంది కదా నేనే చేసుకుందామని చూస్తే ఒక్క స్క్రూ లేదు, గుడ్డ చింపి అడుగున ప్లాస్టిక్‌ని కోసి తెరవాలి, తెరిచా, లోపల డబ్బాలో ముప్పాతిక వంతు ఖాళీ, మూలన అణాకాసంత మాగ్నెట్టు. అందుకే దేన్నైనా చేతిలోకి తీసుకుని బరువు చూడమంటా. మాగ్నెట్టూ బ్యాటరీ రెండూ బరువే, సైజుకి తగ్గ బరువు లేదంటే ఆ రెండిట్లో ఏదో మిగిలించారని. ఛార్జింగ్‌కి టైప్ సీ లేకపోతే అసలు చూడొద్దు.

రెండోది, ఆ పొడుగు గొట్టం, 4,499. ఆకారం మంచిదే. రెండు చివర్లా వణికే గుండ్రటి రబ్బరు పలకలు ఉన్నాయి చూశావా, వాటిని చాలామంది స్పీకర్లనుకుంటారు, కాదు, వాటికి కాయిల్ లేదు కరెంటు లేదు, లోపల కోన్ వెనక్కి తోసిన గాలికే ఊగుతాయి, చిన్న డబ్బాలో కాస్తో కూస్తో బేస్ వచ్చేది వాటి పుణ్యమే. వాటిని వేలితో నొక్కి చూడొద్దు, గోడకి ఆనించొద్దు. ఆ రంగురంగుల లైట్లు మాత్రం నాకు నచ్చలా, అవి తినేది నీ బ్యాటరీనే, ఆపేసే బటన్ ఉందేమో చూడు.

వాట్ల సంగతి. నా షాపులో ఒకప్పుడు 2000 వాట్స్ పీఎంపీఓ (ఒక్క క్షణం లెక్క) అని స్టిక్కరు అంటించిన డెక్కులు వచ్చేవి, విప్పితే లోపల ట్రాన్స్‌ఫార్మరు 20 వాట్లు కూడా మొయ్యదు, 2000 వాట్లంటే ఇస్త్రీపెట్టె కంటే ఎక్కువ, అది టేప్ రికార్డర్లో ఎక్కణ్ణించి వచ్చిద్దే! ఆర్ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగలిగే వాట్లు, అని రాసిందే చూడు. అది కూడా రెట్టింపు వాట్లంటే రెట్టింపు సౌండు కాదు, 3 డెసిబెల్సే పెరిగిద్ది, చెవికి రెట్టింపు అనిపించాలంటే పదింతలు వాట్లు కావాలి. 10 వాట్లదీ 16 వాట్లదీ పక్కపక్కన పెట్టి దానికోసం వెయ్యి ఎక్కువ ఇచ్చావంటే ఆ వెయ్యి నీళ్ళల్లో పోసినట్టే.

నీళ్ళంటే గుర్తొచ్చింది, ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు మంచినీళ్ళలో అరగంట ముంచినా ఏం కాదని, ఐపీ67 అంటే దానికి తోడు దుమ్ము కూడా దూరదని. సబ్బు నీళ్ళకీ సూర్యలంక సముద్రం నీళ్ళకీ ఆ హామీ లేదు, తడిస్తే మంచినీళ్ళతో కడిగి బాగా ఆరాకే ఛార్జింగ్ పెట్టు.

బ్లూటూత్ కోడెక్‌ల గురించి, అంటే ఫోను పాటని కుదించి స్పీకర్‌కి పంపే పద్ధతుల గురించి, మీ ఆఫీసు కుర్రాడు ఏదో ఎల్‌డాక్, ఆప్టెక్స్ అని భయపెట్టాడన్నావు. అన్ని బ్లూటూత్ స్పీకర్లలో ఎస్‌బీసీ అనేది తప్పనిసరిగా ఉంటది, ఇంత చిన్న కోన్ మీద, ఫ్యాన్ తిరిగే రూములో, దానికీ దీనికీ తేడా నువ్వు కాదు నేను కూడా పట్టలేను, దానికి డబ్బులు పెట్టకు. ఆలస్యం మాత్రం నిజంగానే ఉంటది, సినిమా చూసేటప్పుడు యాప్ సర్దుకుంటది గానీ గేములాడినా కీబోర్డు వాయించినా నొక్కిన తర్వాతెప్పుడో వినపడిద్ది, వీణ క్లాసుకి శృతి పెట్టె కింద వాడాలంటే పరవాలేదు, శృతికి ముందూ వెనకా ఏముంది. వైరు కావాలంటే ఆక్స్ పిన్ను ఉన్నది అడుగు, ఇప్పుడు చాలావాటిల్లో తీసేశారు, ఫ్లిప్ 6 లో కూడా లేదు. ఇంకా, రూమ్మేట్ దానితో జతకలిపి వాయిద్దామని ఆలోచన ఉంటే ఒకే మోడల్ కొనండి, ఒకే కంపెనీవి కదా కలుస్తాయిలే అనుకోవద్దు, ఫ్లిప్ 6 ఫ్లిప్ 7 తో కలవదు, రెండిటి పద్ధతులూ వేరు.

బ్యాటరీ 12 గంటలు అని అట్టపెట్టె మీద రాస్తారు, అది మధ్యస్తం వాల్యూంలో, బేస్ బూస్ట్ అదీ లేకుండా. ఫుల్లుగా పెడితే అందులో సగం వచ్చినా గొప్పే. నీకు సగం వాల్యూమే కాబట్టి నువ్వు అదృష్టవంతురాలివి. ఎండాకాలం కారులో వదిలెయ్యకు, బ్యాటరీ ఉబ్బిపోద్ది, అది ఉబ్బితే మార్చే దిక్కుండదు.

షాపులో వినేటప్పుడు మోసం ఎలా జరిగిద్దో చెప్తా, ఇది నేను కూడా చేసినదే కాబట్టి తెలుసు. రెండు పక్కపక్కన పెట్టి మనకి లాభం ఎక్కువున్నదాన్ని ఒక్క గీత ఎక్కువ సౌండులో వాయిస్తాం, చెవికి ఎప్పుడూ సౌండు ఎక్కువున్నదే బాగున్నట్టుంటది, కస్టమరు అదే పట్టుకుపోతాడు. కాబట్టి నువ్వే రెండిటినీ ఒకే సౌండుకి తెచ్చుకుని విను. వాళ్ళు పెట్టే ధన్ ధన్ పాట వద్దను, నీ ఫోన్లో నీకు బాగా తెలిసిన పాట, గొంతూ మృదంగమూ ఉన్నది ఒకటి, సన్నాయి ఉన్నది ఒకటి పెట్టు. ముందు బాగా తగ్గించి విను, మాటలు తేటగా ఉన్నాయా అని, నువ్వు రోజూ వినేది ఆ సౌండులోనే. తర్వాత మొత్తం పెంచు, సన్నాయి చెవిలో సూదిలా గుచ్చినా, గొంతు బర్రుమన్నా పక్కన పెట్టెయ్. పెంచేకొద్దీ బేస్ తగ్గిపోతున్నట్టుంటే కంగారు పడకు, కోన్ చిరగకుండా లోపలి చిప్పే తగ్గిచ్చుద్ది, మంచి కంపెనీలన్నీ చేసేదే.

రేటు మాటకొస్తే నా లెక్క ఇది, ఎవరూ ఒప్పుకోకపోయినా సరే. 1,500 నించి 4,000 దాకా పెట్టే ప్రతి రూపాయీ చెవికి వినపడిద్ది. అక్కణ్ణించి 10,000 దాకా పెట్టేది పెద్ద డబ్బాకీ పెద్ద బ్యాటరీకీ, హాల్లో నలుగురు వింటేనే దానికి అర్థం. ఆ పైన ఈ సైజులో ఇచ్చేది తోలుకీ ఇత్తడి నాబ్‌కీ పేరుకీ. తప్పని అనను, నేను పెళ్ళిలో హెచ్ఎమ్‌టీ వాచీ బంగారు రంగుదే కావాలని మారాం చేశా, టైము రెండూ ఒకటే చూపిస్తాయి. కానీ నీ జీతం రెండో నెల కదమ్మా. కొత్త మోడల్ దిగాక పాత మోడల్ రేటు పడిద్ది, అలాంటిది దొరికితే పట్టుకో. కోఠీ రోడ్ల మీద 900 కి పెద్ద కంపెనీ పేరుతో అమ్మేవాటి జోలికి మాత్రం పోవద్దు, అట్టపెట్టె మీద బీఐఎస్ (సర్కారు ప్రమాణాల సంస్థ) ఇచ్చిన ఆర్ నంబరు ఉంటది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరిదో తెలిసిద్ది.

కాబట్టి ఆ గొట్టమే చూడు, లైట్లు లేని మోడల్ ఉంటే అది. తెచ్చాక స్టూలు మీద కాదు, గోడకి జానెడు దూరంలో అల్మరా మీద పెట్టు, గోడ వల్ల బేస్ కొంచెం పెరిగిద్ది, ఉత్తినే. కింద మడిచిన చేతిగుడ్డ వెయ్యి, లేకపోతే అల్మరాలో గాజులు కూడా పాటందుకుంటాయి.

అమ్మమ్మకి కూడా ఇదే ఒకటి కొనేద్దామా అన్నావు, వద్దు. ఆవిడకి బ్లూటూత్ కలపడం రాదు, పొద్దున్నే ఎఫ్ఎం రావాలి, పెన్ డ్రైవ్ గుచ్చితే భక్తిపాటలు రావాలి, బటన్లు చీకట్లో తడిమినా దొరకాలి. అది నేను గాంధీచౌక్‌లో చూసి ఉంచా, దసరాకి నువ్వొచ్చినప్పుడు ఇద్దరం వెళ్దాం, డబ్బులు నువ్వే ఇవ్వు.