తమ్ముడికి ఇవ్వదగిన పుస్తకాలు

నమస్కారమండీ. గుంటూరులో ఇంజనీరింగ్ చదువుతున్న మీ తమ్ముడు "మగవాడంటే ఇలాగే ఉండాలా" అన్న ప్రశ్నతో సతమతమవుతున్నాడనీ, ఇంట్లోవాళ్లు కొనిచ్చిన వ్యక్తిత్వ వికాస పుస్తకాలు అతనికి చికాకు తెప్పిస్తున్నాయనీ రాశారు.

ముందుగా ఓల్గా గారి ‘విముక్త’ చూడండి. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఈ కథల సంపుటిని స్త్రీల పుస్తకమని చాలామంది పక్కన పెడతారు గానీ, అందులోని ‘బంధితుడు’ రాముడి కథ. రాజధర్మం బరువు మోస్తూ, ప్రేమించిన మనిషిని నిలుపుకోలేకపోయిన మగవాడి వేదనను అంత సూటిగా చెప్పిన తెలుగు కథ నాకు మరొకటి తెలియదు. అతను దానితోనే మొదలుపెట్టినా నష్టం లేదు.

రెండవది ‘ఒక హిజ్రా ఆత్మకథ’. తమిళనాడుకు చెందిన ఎ. రేవతి జీవితాన్ని బెజవాడలో అధ్యాపకురాలిగా పనిచేసిన పి. సత్యవతి గారు తెలుగు చేశారు. ఆ అనువాదానికి 2019 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. మగపిల్లవాడిగా పుట్టినా తాను ఆడదాన్నని లోలోపల నమ్మిన రేవతిని అన్నలు కొట్టి దారికి తేవాలని చూసిన ఘట్టాలు చదివితే, మగతనానికి మొదటి కాపలా ఇంట్లోవాళ్లేనని అర్థమవుతుంది. కొన్ని పేజీలు చదవడం కష్టం, ముందే చెబుతున్నాను.

చలం గారిని తరువాత చదవవచ్చు. ఆయన స్త్రీ స్వేచ్ఛను తరచినంతగా మగవాడి భయాలను తరచలేదని నా అభిప్రాయం.

విజయవాడ వచ్చినప్పుడు ఏలూరు రోడ్డు దుకాణాల్లో అడగండి. "నీకోసమే తెచ్చాను" అని చేతికివ్వకుండా, మీరు చదివి బల్లమీద వదిలేయడం మేలు.