సాండ్ బ్లాస్టింగ్ నేర్చుకుంటానంటున్నాడు, పంపమంటారా?

ప్రశ్న: మాది జమ్మికుంట. మా చిన్నోడు ఐటీఐలో మోటార్ మెకానిక్ పూర్తి చేశాడు. గాలి ప్రెషర్‌తో ఇసుకలాంటి గరుకు రవ్వలు కొట్టి పాత కార్లకు పెయింటూ తుప్పూ తీసే సాండ్ బ్లాస్టింగ్ వీడియోలు చూసి, హైదరాబాద్ పోయి అదే నేర్చుకుంటానంటున్నాడు. దాంతో బతుకుదెరువు ఉంటుందా?
– ఒక తండ్రి

జవాబు: ఉంటుంది, కానీ ఒట్టి నాజిల్ (రవ్వలు చిమ్మే గొట్టం మూతి) పట్టుకోవడం వస్తే చాలదు. వీడియోలో కనిపించేది ఆ పనిలో సులువైన భాగం.

మా మేనమామ తన పాత ఫియట్‌ను ఒక షెడ్డుకిచ్చాడు. తుప్పు పోయింది గానీ బానెట్ వేయించిన అప్పడంలా తిరిగొచ్చింది. చూపుకు ఆనలేదు, అరచేత్తో నిమిరితే ఎత్తుపల్లాలు తగిలాయి. వేడికి వంగిందన్నారు షెడ్డువాళ్లు. అసలు కారణం దెబ్బలు. బాడీ రేకు మందం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. దాని మీద రవ్వలు వేల సుత్తుల్లా ఒకే వైపు పడితే ఆ వైపు సాగి రేకు ఉబ్బుతుంది. అందుకే పని తెలిసినవాళ్లు గట్టి ప్రెషర్ చాసిస్‌కే, అంటే బండి అడుగున ఉండే మందపాటి ఫ్రేముకే వాడతారు. బానెట్, టాప్, డోర్ల దగ్గర ప్రెషర్ తగ్గించి, నాజిల్ ఏటవాలుగా పట్టి, ఎక్కడా ఆపకుండా కదుపుతారు. లేదా ప్లాస్టిక్ గింజల్లాంటి మెత్తటి సరుకు వాడతారు. వంటసోడా పొడి కొడితే పెయింట్ పోతుంది గానీ తుప్పు పోదు.

ఇనుము బయటపడ్డాక ఇంకో టెన్షన్. వానాకాలంలో కొన్ని గంటల్లోనే మళ్లీ తుప్పు పడుతుంది, అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ (తుప్పు పట్టకుండా పెయింట్ కింద వేసే తొలి పూత) కొట్టాలి. అంటే మీవాడికి టింకరింగ్ (రేకు సొట్టలు తీసి సరిచేసే పని), పెయింటింగ్ కూడా రావాలి. వరంగల్ ఆటోనగర్‌లో మంచి టింకరింగ్ మేస్త్రి దగ్గర ఒక ఏడాది ఉంచండి, హైదరాబాద్ సంగతి తర్వాత.

సంపాదన సంగతి. 2021 మోటారు వాహనాల నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన కార్లే వింటేజ్. మన దిక్కు అలాంటి బండ్లు ఎన్నుంటాయి? రోజువారీ కూలి గేట్లు, అల్లాయ్ వీల్స్, బుల్లెట్ బండి భాగాలతోనే గిట్టుతుంది. అదే చేతిపని పైపులైన్లకూ, ట్యాంకులకూ, రామగుండంలాంటి చోట్ల ప్లాంట్లకూ పనికొస్తుంది. నన్నడిగితే స్థిరమైన జీతం అటువైపే ఉంది. కార్లు ఇష్టం కొద్దీ.

ఇక అసలు భయం. మానేరు ఇసుక చవగ్గా దొరుకుతుంది కదా అని వాడే షెడ్లున్నాయి. ఇసుకలోని సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దాన్ని నయం చేసే మందు లేదు. బ్రిటన్ 1949లోనే ఇసుకతో బ్లాస్టింగ్‌ను నిషేధిస్తూ నిబంధనలు తెచ్చింది. పాత పెయింట్‌లో సీసం కూడా ఉంటుంది. చేర్చేముందు మీరే షెడ్డుకు వెళ్లండి. సంచిలో గార్నెట్ (ఇసుకకు బదులు వాడే ఖనిజపు రవ్వ) ఉందా, ఇసుకా? బయటి నుంచి గాలి అందే హెల్మెట్ ఉందా? కుర్రాళ్లు మూతికి దస్తీ కట్టుకుని పని చేస్తుంటే, ఎంత జీతమిస్తామన్నా మీవాణ్ని వెంటబెట్టుకుని వచ్చేయండి.