బటర్‌క్రీమ్ పూలు నేర్చుకుంటున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్త ఆశీస్సులు.

కేకు మీద పెట్టడానికి వెన్న, చక్కెర కలిపిన క్రీముతో నువ్వు చేసిన గులాబీల ఫొటో చూశాను. రేకులన్నీ వాలిపోయాయనీ, నీ చేతికి ఈ పని రాదేమోననీ రాశావు. ఫొటోను పెద్దది చేసి మరీ చూశాను. రేకు మొదలుపెట్టిన చోటు సరిగ్గానే ఉంది, తిప్పిన తీరూ బాగుంది. క్రీము మెత్తబడింది, అంతే. ఈ పనిలో వచ్చే తంటాలు చాలావరకు వేడి వల్ల వచ్చేవే. చేతిని తిట్టుకునే ముందు గిన్నెలోకి చూడు.

వెన్న దాదాపు 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర మన మాట వింటుంది. వేలితో నొక్కితే గుంట పడాలి, పైన మాత్రం జిడ్డుగా మెరవకూడదు. 32 నుంచి 35 డిగ్రీల మధ్య అది కరిగిపోతుంది. మన అరచేతి వేడి కూడా దాదాపు అంతే ఉంటుంది. పైపింగ్ బ్యాగ్ (క్రీమును కొన గుండా నొక్కి పూలు చేసే సంచి) నిండా క్రీము కూరి, రెండు చేతులతో పొదివి పట్టుకుంటే ఇక అది నిలబడేదెలా? బ్యాగ్‌ను సగానికి మించి నింపకు. పైభాగాన్ని మెలిపెట్టి బొటనవేలు, చూపుడువేలు మధ్య బిగించి పట్టుకో. రెండో చెయ్యి బ్యాగ్‌కు తగలనక్కరలేదు. క్రీము జారుతోందనిపిస్తే పది పదిహేను నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, గిన్నెలోకి తీసి స్పాచులాతో బాగా కలిపి మళ్లీ నింపుకో. కలపకుండా అలాగే వాడితే అంచున గట్టిగా, నడుమ మెత్తగా వస్తుంది.

ఏ క్రీము మంచిదని అడిగావు. నేర్చుకునే రోజుల్లో ఒక వంతు వెన్నకు రెండు వంతుల ఐసింగ్ షుగర్, అంటే మెత్తటి చక్కెర పొడి, తూకంలో. గుడ్డు అక్కరలేదు, త్వరగా అవుతుంది, పువ్వు నిలబడుతుంది. తీపి ఎక్కువన్నది నిజమే. తర్వాత స్విస్ మెరింగ్ పద్ధతికి వెళ్లు. తెల్లసొన, పంచదార కలిపిన గిన్నెను ఉడికే నీళ్ల ఆవిరి మీద పెట్టి, 71 డిగ్రీలు వచ్చేదాకా కలుపుతూ ఉండాలి. దించి, గిన్నె పూర్తిగా చల్లబడేదాకా గిలకొట్టి, అప్పుడు వెన్నను ముక్కముక్కగా వేయాలి. మధ్యలో ఒక దశలో విరిగిపోయినట్టు కనిపిస్తుంది. కంగారుపడి పారబోయకు. వెన్న చల్లగా ఉండటం వల్లే చాలాసార్లు అలా అవుతుంది, ఇంకాస్త గిలకొడితే కలిసిపోతుంది. దీని రేకులు పట్టులా నున్నగా వస్తాయి, కానీ వేడికి త్వరగా డీలా పడతాయి. వాతావరణం వేడిగా ఉన్న రోజున, ఎవరు ఎంత బతిమాలినా, నేను దీని జోలికి పోను.

రేకు అంచులు చిరిగినట్టు వస్తున్నాయంటే అది వేరే సంగతి. క్రీము మరీ పొడిగా అయి ఉంటుంది, లేదా చక్కెర ఉండలు నాజిల్‌కు, అంటే బ్యాగ్ కొనకు తొడిగే మూతికి, అడ్డుపడుతూ ఉంటాయి. చక్కెరను ముందే జల్లించు, క్రీములో రెండు మూడు చుక్కల పాలు కలుపు. గాలి బుడగల వల్ల రేకు మధ్యలో తెగుతుంది. స్పాచులాతో క్రీమును గిన్నె గోడకేసి అదిమితే ఆ బుడగలు పోతాయి.

ఇక గులాబీ. 104 నంబరు నాజిల్ తీసుకో. దాని నోరు ఒకవైపు వెడల్పుగా, ఒకవైపు సన్నగా ఉంటుంది. వెడల్పు వైపు ఎప్పుడూ కిందే ఉండాలి. ఫ్లవర్ నెయిల్ (వేళ్లతో పట్టి తిప్పే, చదునైన తల ఉన్న మేకు) మీద చుక్క క్రీముతో బటర్ పేపరు ముక్క అంటించి, ముందుగా పొట్టి శంకువులా గట్టి దిమ్మ కట్టు. ఈ దిమ్మ బలహీనంగా ఉంటే పైన ఎంత అందంగా చేసినా పువ్వు ఒరుగుతుంది. దాని కొనను ఒకే చుట్టుతో మూసేస్తే మొగ్గ. తర్వాత మూడు రేకులు, ఆపైన ఐదు, ఆపైన ఏడు. ప్రతి రేకూ ముందుదాని సగం దగ్గర మొదలై, ఇంద్రధనుస్సులా లేచి దిగాలి. లోపలి వరుసకు నాజిల్‌ను నిటారుగా పట్టుకో, బయటి వరుసలకు వస్తున్నకొద్దీ బయటికి వంచు. కుడిచేతివాళ్లు నెయిల్‌ను గడియారానికి ఎదురు దిశలో తిప్పాలి. పువ్వు ఆకారం తేల్చేది ఆ తిప్పే చెయ్యే. నొక్కే చెయ్యి దాదాపు ఉన్నచోటే ఉండాలి. రేకు ముగించేటప్పుడు ముందు నొక్కడం ఆపి, తర్వాత చెయ్యి తియ్యి. ఈ వరుస తప్పితేనే అంచున తోకలు వస్తాయి.

సాధన కోసం కేకు చేయనక్కరలేదు. పేపరు మీద చేసి, గీకి మళ్లీ గిన్నెలో వేసుకో. నచ్చిన పూలను పేపరుతో సహా పదిహేను నిమిషాలు ఫ్రీజర్‌లో పెడితే గట్టిపడతాయి, అప్పుడు కేకు మీద పెట్టడం తేలిక. చామంతికి 81, ఆకులకు 352 నంబరు నాజిళ్లు చాలు. గులాబీ వచ్చాక అవి కష్టమనిపించవు.

రంగుల్లో జెల్ రంగులే వాడు, నీళ్ల రంగులు క్రీమును పలచన చేస్తాయి. కలిపిన వెంటనే కనిపించే రంగు అసలు రంగు కాదు. కొన్ని గంటల్లో చిక్కబడుతుంది కాబట్టి ముదురు ఎరుపును ముందురోజే కలిపి ఉంచు. అప్పటికప్పుడు ఎరుపు రావాలని రంగు గుమ్మరిస్తే క్రీము చేదెక్కుతుంది. వెన్నలో పసుపు ఛాయ ఉండటం వల్ల నీలం కలిపితే ఆకుపచ్చగా తిరుగుతుంది. క్రీములో ముందుగా సూదిమొనంత ఊదారంగు కలిపితే ఆ పసుపు విరుగుతుంది. బ్యాగ్ లోపల ఒక పక్కన ముదురు రంగు చార పూసి, మిగతాది లేతరంగుతో నింపితే ప్రతి రేకూ రెండు ఛాయల్లో వస్తుంది. ఒకే రంగులో చేసిన పువ్వు, ఎంత నేర్పుగా చేసినా, నాకు ప్లాస్టిక్‌లానే కనిపిస్తుంది.

అమర్చేటప్పుడు ముందు పెద్దవి, తర్వాత చిన్నవి, చివరికి సందుల్లో ఆకులు. పెద్ద పువ్వు కింద కాస్త క్రీము ముద్ద పెడితే అది చూసేవాళ్ల వైపు తల వంచుతుంది. ఒక పక్కన నెలవంకలా పూలు పేర్చి, మిగతా కేకును ఖాళీగా వదిలెయ్. కష్టపడి చేశాం కదా అని అన్నీ ఎక్కించేస్తే ఏ పువ్వూ కంటికి ఆనదు. వాటి మీద మళ్లీ వెండి గుళికలు చల్లుతానంటే మాత్రం నాకు ఫొటో పంపకు.

పూర్తయిన కేకును పెట్టెలోనే పెట్టి ఫ్రిజ్‌లో ఉంచు. బయటికి తీశాక కూడా చల్లదనం తగ్గేదాకా పెట్టె తెరవకు. అప్పుడు తేమ పువ్వుల మీద కాకుండా పెట్టె మీద పడుతుంది. కోయడానికి గంట ముందైనా తీయాలి, చల్లటి వెన్న నాలుకకు మైనంలా తగులుతుంది. కారులో తీసుకెళ్లాల్సి వస్తే కాళ్ల దగ్గర చదునుగా ఉన్న చోట పెట్టు. సీటు వాలుగా ఉంటుంది. ఒడిలో పెట్టుకుంటామని ముందుకొచ్చేవాళ్లకు అసలే ఇవ్వకు.

ఇట్లు,
మీ అత్త