పారేసే వేప్‌లో పనికొచ్చే బ్యాటరీ

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో చదువుకుంటూ, సాయంత్రాలు ఒక చిన్న దుకాణంలో పనిచేస్తున్నాడు. ఒకసారి వాడి పారేసే వేప్‌లను (నికోటిన్ రసాన్ని వేడిచేసి ఆవిరిగా పీల్చే ఎలక్ట్రానిక్ సిగరెట్లను) 2025 జూన్ నుంచి అక్కడ నిషేధించారట. అయినా చూడటానికి అలాగే ఉండేవాటిని రోజూ అమ్ముతూనే ఉన్నామంటున్నాడు. ఇదెలా సాధ్యం? అసలు వాటికంత గిరాకీ ఎందుకు? సెలవులకు వచ్చేటప్పుడు స్నేహితులకు రెండు తెస్తానంటున్నాడు, తేవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ముందు మీ చివరి ప్రశ్న సంగతి చూద్దాం. తేవద్దని గట్టిగా చెప్పండి. 2019 నాటి ఎలక్ట్రానిక్ సిగరెట్ల నిషేధ చట్టం కింద మన దేశంలో వీటి తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రచారం అన్నీ నేరాలే. మొదటిసారి దిగుమతి చేసి పట్టుబడినా ఏడాది వరకు జైలు గానీ, లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. స్నేహితులకు కానుకగా తెచ్చానంటే కస్టమ్స్ అధికారులు ఊరుకోరు.

ఇక గిరాకీ. నికోటిన్‌కు బెంజోయిక్ ఆమ్లం వంటిది కలిపి లవణంగా మార్చితే గొంతులో మంట తగ్గుతుంది కాబట్టి, సిగరెట్ ముట్టనివారు కూడా మొదటి పీల్పుకే దగ్గకుండా లాగేయగలరు. దానికి మామిడి, పుచ్చకాయ రుచులు తోడయ్యాయి. నింపే పని లేదు, ఛార్జింగ్ పెట్టే పని లేదు. పైగా సిగరెట్ పెట్టె ధరలో సగం కూడా పెట్టనక్కర్లేదు. చట్టాల్లోని సందులూ కలిసొచ్చాయి: అమెరికాలో 2020లో కార్ట్రిడ్జ్ (రసం ఉండే చిన్న గొట్టం) మార్చే పరికరాల్లో పండ్ల రుచులను కట్టడి చేసి, వాడి పారేసేవాటిని వదిలేయడంతో కుర్రకారు వీటివైపు మళ్లింది.

పాత రకం వేప్‌ను విప్పి చూస్తే లోపల రసంలో నానిన దూది, దాని మధ్య సన్నటి తీగచుట్ట, పీల్చగానే గాలి ఒత్తిడిని పసిగట్టే చిన్న సెన్సర్, లిథియం బ్యాటరీ కనిపిస్తాయి. బ్రిటన్ నిబంధనల ప్రకారం రసం 2 మిల్లీలీటర్లు మించకూడదు, మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల నికోటిన్ మించకూడదు. ఆ రసం అయిపోగానే మొత్తం చెత్తబుట్టలోకి పోయేది. విచిత్రమేమిటంటే అందులోని బ్యాటరీ వందలసార్లు ఛార్జ్ చేసుకోదగ్గ రకమే అయినా, దానికి ఛార్జింగ్ రంధ్రం పెట్టేవారు కాదు. రూపాయి షాంపూ ప్యాకెట్ లాగే ఇక్కడా కొనేవాడికి కనిపించేది చిన్న ధర ఒక్కటే. ఖాళీ తొడుగును ఏరి, వేరుచేసే ఖర్చు ఆ ధరలో కలవదు.

2025 జూన్ 1న అమల్లోకి వచ్చిన నిషేధం వాడి పారేసే వాటికే గానీ వేప్‌లన్నిటికీ కాదు. బ్యాటరీని మళ్లీ ఛార్జ్ చేసుకునే వీలు, రసం నింపుకునే లేదా పాడ్ (రసం ఉండే చిన్న డబ్బీ) మార్చుకునే వీలు ఉంటే చట్టం దాన్ని పునర్వినియోగ వస్తువుగానే చూస్తుంది. కంపెనీలు అదే ఆకారానికి, అవే రంగులకు ఒక యూఎస్‌బీ రంధ్రం, ఊడదీసే పాడ్ జోడించి మార్కెట్లోకి దించాయి. మీ అబ్బాయి అమ్ముతున్నవి ఇవే అయి ఉండాలి. కొత్త పరికరానికీ విడి పాడ్‌లకూ ధరలో పెద్ద తేడా లేనంతకాలం చాలామంది కొత్తదే కొని పాతది పారేస్తారని నా అనుమానం. నిషేధం వస్తువు రూపాన్ని మార్చింది గానీ, ధర జోలికి పోలేదు. పన్ను ద్వారానో, తిరిగిస్తే వెనక్కిచ్చే డిపాజిట్ ద్వారానో ధరను సవరిస్తే తప్ప ఆ అలవాటు మారదని నేననుకుంటాను.

ఒక్క విషయం మీ అబ్బాయి ఈరోజే చూడవచ్చు. వేప్‌లు అమ్మే దుకాణం వాడేసిన వాటిని తిరిగి తీసుకోవాలన్నది అక్కడి నిబంధన. కౌంటర్ దగ్గర అందుకోసం డబ్బా ఉందో లేదో కనుక్కుని, లేకపోతే యజమానిని అడగమనండి. వాటిని మామూలు చెత్తలో వేస్తే, లారీలో చెత్తను నొక్కేటప్పుడు బ్యాటరీ చితికి మంటలు లేవవచ్చు.