వరద తగ్గాక కృష్ణలో ఫ్లై రాడ్ పనికొస్తుందా?

ప్రశ్న: సార్, యూట్యూబ్‌లో హిమాచల్ ట్రౌట్ వీడియోలు చూసి ఫ్లై రాడ్ (ఈకలతో పురుగులా కట్టిన ఎర, అంటే ఫ్లైని, విసిరే గాలం కర్ర) కొన్నాను. దసరా సెలవుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వేద్దామని ఉంది. నీళ్ళు ఎట్టా ఉంటాయి, ఏం చేపలు పడతాయి?
– ఓ పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ట్రౌట్ చేపకి చల్లటి నీళ్ళు కావాలండీ, హిమాచల్ వాగులు అడుగున గులకరాళ్ళు కనపడేంత తేటగా ఉంటాయి, చేప పైన తేలే ఈకని పురుగనుకుని వచ్చి అందుకుంటది. అక్కడ నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ట్రౌట్ గుడ్లు పెట్టే కాలమని వేట ఆపేస్తారు. అంటే దసరాకి వాళ్ళ సీజన్ అయిపోవస్తుంటే మనకి ఇంకా మొదలే కాదు, ఎందుకంటే చాలా ఏళ్ళు దసరాకి కూడా కృష్ణ ఎర్రగానే పారుతుంటది, బురద నీళ్ళలో ఈక చేపకి కనపడదు.

కాబట్టి పండగ డేట్ పక్కనబెట్టి పేపర్లో ఔట్‌ఫ్లో, అంటే బ్యారేజీ నుంచి కిందికి ఎంత నీరు వదులుతున్నారో చూసుకోండి. బ్యారేజీకి 70 గేట్లు, వాటిలో నాలుగు ఎత్తి ఉన్నా దిగువన ఇసకలోకి దిగొద్దు, నీళ్ళు ఎప్పుడు పెంచుతారో మనకి తెలీదు. 2024 సెప్టెంబర్ మొదట్లో 11 లక్షల క్యూసెక్కులు దాటిన నది ఇది. ఎగువన పులిచింతల ప్రాజెక్టులో నీళ్ళు వదలడం తగ్గించారు కదా అని కొందరు బయల్దేరతారు, కానీ ఖమ్మం మీదుగా వచ్చే మున్నేరు పులిచింతలకి దిగువన వచ్చి కలుస్తుంది, అటు గట్టి వాన పడితే మళ్ళీ బురదే.

ఇక చేపలు. బొచ్చె నీళ్ళలో నలకల్లాంటి సన్న జీవాల్ని వడగట్టుకుని తింటది, శీలావతి ఎక్కువగా నాచు, మొక్కలు, ఎర్రమోసు అడుగున కుళ్ళింది తింటది, ఈ మూడిటి మీద ఫ్లైతో ఆశ పెట్టుకోకండి. మీకు సరిపోయేది కొర్రమీను. అది వేటాడి తింటది, గాలి కోసం పైకొస్తది కాబట్టి ఎక్కడుందో తెలిసిపోద్ది. కార్తీకంలో నీరు నిలిచి తేటపడ్డాక చెరువుల్లో, పారుదల తగ్గిన కాలవల్లో గుర్రపుడెక్క అంచున పొద్దున్నే కప్పలాంటి పెద్ద ఫ్లై వేసి ఆపి ఆపి లాగండి. సన్న రాడ్ వద్దు, 8 వెయిట్ (ఫ్లై రాడ్ల బలం చెప్పే నంబర్) కావాలి, దానికి పళ్ళుంటాయి కాబట్టి చివర దారం మందంగా ఉండాలి. ఎర్రటి పిల్లల గుంపు నీటిపైన కదులుతూ కనపడితే మాత్రం అక్కడ వెయ్యకండి, దయచేసి. తల్లీతండ్రీ కింద కాపలా ఉంటాయి, వాటిని పట్టేస్తే ఆ గుంపంతా వేరే చేపల పాలవుద్ది.

చెరువు ఎవరి వేలంపాటలో ఉందో అడిగి పర్మిషన్ తీసుకోండి. దుర్గా ఘాట్, పున్నమి ఘాట్ వైపు అసలు వద్దు, కార్తీక స్నానాలకి జనం ఉంటారు, వెనక్కి విసిరిన హుక్ ఎవరి కంటికి తగులుద్దో. కార్బన్ రాడ్‌లో కరెంట్ పారుద్ది, పైన వైర్లున్న చోట ఎత్తొద్దు. తుపాను గాలి ఉంటే ఫ్లై లైన్ నిలవదు, ఆ రోజు మానుకోండి.

ప్రశ్న: ఫ్లైలు ఇంట్లో కట్టుకోవచ్చా?
– ఓ పాఠకురాలు, పటమట

జవాబు: హాయిగా కట్టుకోవచ్చమ్మా. కోడిపుంజు మెడ ఈకలే అసలు సరుకు, చికెన్ షాపులో అడిగితే ఇస్తారు. సబ్బు నీళ్ళలో కడిగి బాగా ఎండబెట్టండి, హుక్ కాడకి కుట్టుమిషన్ దారంతో బిగించి చుట్టి, ముడి మీద గోళ్ళ రంగు చుక్క వేస్తే ఊడదు.